లోగో మోసిన తొమ్మిదేళ్లు: పెద్ద మీడియా కంపెనీ ఉద్యోగంపై నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, నా రేటింగ్ అయిదుకి మూడు. కంపెనీ పేరు రాయను, దయచేసి అడగొద్దు. టీవీ, పేపర్, వెబ్‌సైట్, ఓటీటీ అన్నీ ఒకే గొడుగు కింద నడిపే పెద్ద సంస్థ అనుకోండి, అది చాలు. మొత్తం తొమ్మిదేళ్లు చేశాను, ఆరేళ్లు టీవీ న్యూస్ డెస్క్‌లో, మూడేళ్లు డిజిటల్‌లో. బయటికొచ్చి ఏడాది దాటింది. మానేసిన కొత్తలో రాసుంటే తిట్లే ఉండేవి, ఇంకో అయిదేళ్లు ఆగితే ‘ఆ రోజులే వేరు’ అని మొదలుపెడతానేమో, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఇలాంటి చోట చేరగానే ముందుగా తెలిసొచ్చే సుఖం ఫోన్. మీరు చేస్తే ఎవరైనా ఎత్తుతారు. సొంత పని మీద పదిసార్లు చేసినా పలకని పెద్దమనిషి, ఛానల్ పేరు చెప్పి చేస్తే రెండో రింగుకే ‘చెప్పండమ్మా’ అంటాడు. మీటింగులో ఉన్నాయన బయటికొచ్చి మరీ మాట్లాడతాడు. ఇరవై మూడేళ్ల వయసులో ఇది తలకెక్కకుండా ఉండటం కష్టం, నాకు బాగానే ఎక్కింది. వాళ్లు మాట్లాడుతున్నది నాతో కాదు, మైకుకి తగిలించిన లోగోతో అని తెలియడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే అక్కడ నాకు దొరికిన మంచీ, జరిగిన చెడూ రెండూ ఆ లోగో దగ్గర్నుంచే మొదలయ్యాయి.

ఈ లోగో మహిమ ఏమిటో చూడాలంటే బీబీసీలో జరిగిన గై గోమా సంగతి కన్నా మంచి ఉదాహరణ లేదు. 2006 మే 8న ఆయన బీబీసీకి ఐటీ ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం వచ్చి రిసెప్షన్‌లో కూర్చున్నాడు. అదే సమయానికి గై క్యూనీ అనే టెక్నాలజీ జర్నలిస్టు లైవ్‌లో మాట్లాడాలి. పిలవడానికి వచ్చినవాళ్లు ఒక గైని చూసి ఇంకో గై అనుకున్నారు, తీసుకెళ్లి స్టూడియో కుర్చీలో కూర్చోబెట్టేశారు. యాపిల్ కంప్యూటర్‌కీ, బీటిల్స్ సంగీత బృందం వాళ్ల కంపెనీ యాపిల్ కోర్‌కీ మధ్య నడిచిన కేసు తీర్పు గురించి యాంకర్ అడిగింది. తనని నిపుణుడిగా పరిచయం చేస్తుంటే ఆయన మొహం ఎలా మారిందో ఆ వీడియోలో చూడాల్సిందే. ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే సర్దుకుని, ఉద్యోగం ఇంటర్వ్యూ ఇలాగే ఉంటుంది కాబోలు అన్నట్టు మర్యాదగా జవాబులు చెప్పాడు. అసలు క్యూనీ మాత్రం రిసెప్షన్‌లో టీవీ మానిటర్ మీద ఇదంతా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గోమాకి అసలు ఇంటర్వ్యూ కూడా జరిగింది, ఉద్యోగం మాత్రం రాలేదు.

అందరూ ఆ వీడియో చూసి నవ్వుతారు. డెస్క్ వాళ్లు కూడా నవ్వుతారు కానీ కాస్త భయంగా నవ్వుతారు, ఎందుకంటే అది రేపు మనమూ చేసే తప్పే. నేను చేశాను. ఒక రాత్రి డ్యామ్ గేట్ల మీద వార్త, అర్జెంటుగా ఒక రిటైర్డ్ ఇంజినీర్‌ని ఫోనోలో, అంటే ఫోన్ మీదే లైవ్‌లోకి తీసుకోవాలి, బులెటిన్ మొదలవడానికి మూడు నిమిషాలుంది. కాంటాక్టుల్లో ఆ పేరుతో ఇద్దరున్నారని చూడలేదు, కలిపేశాను. లైన్లోకి వచ్చినాయన రిటైరైన లెక్కల మాస్టారు. యాంకర్ నీటి ఒత్తిడి గురించి అడిగితే ఆయన ఏ మాత్రం తడుముకోకుండా రెండు నిమిషాలు మాట్లాడారు, చివర్లో అధికారులు అప్రమత్తంగా ఉండాలని సలహా కూడా ఇచ్చారు. ఎవరూ కనిపెట్టలేదు. ఒక్క ప్రేక్షకుడు కూడా ఫోన్ చేయలేదు. మర్నాడు నేనే ఆయనకి ఫోన్ చేసి క్షమాపణ చెబితే, ‘పర్వాలేదమ్మా, మా ఆవిడ రికార్డ్ చేసింది’ అన్నారు. మా చీఫ్‌కి చెప్పాను, ఆయన తల పట్టుకుని ‘ఏవమ్మా, నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోయేవి’ అని, అర నిమిషం ఆగి, ‘ఏం మాట్లాడాడు?’ అని అడిగాడు. బాగానే మాట్లాడారు సార్ అంటే, ‘అయితే నంబర్ దాచుకో’ అన్నాడు.

పని నేర్చుకోవడం విషయానికొస్తే మాత్రం వంక పెట్టలేను. 1980 జూన్ 1న అమెరికాలో సీఎన్‌ఎన్ ఛానల్ ఇరవై నాలుగ్గంటల వార్తలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఈ ఫ్యాక్టరీకి షట్టర్ దించడమన్నది లేదు, మూడు షిఫ్టుల్లో తిరుగుతూనే ఉంటుంది. ఇన్‌పుట్ డెస్క్ రిపోర్టర్లనీ, కెమెరాలనీ, ఏజెన్సీ ఫీడ్లనీ చూసుకుంటుంది, అవుట్‌పుట్ డెస్క్ వచ్చినదాన్ని బులెటిన్‌గా వండి పంపుతుంది. ఈ రెండు డెస్కులకీ ఎప్పుడూ పడదు. విజువల్స్ పంపేశామని వీళ్లు, రాలేదని వాళ్లు. తీరా చూస్తే ఇద్దరూ నిజమే చెబుతుంటారు, ఫైల్ మాత్రం సర్వర్‌లో ఎవరూ తెరవని ఫోల్డర్‌లో పడుంటుంది. రన్‌డౌన్‌లో (బులెటిన్‌లో వార్తల వరస జాబితా) ఏడో ఐటమ్ దగ్గర ఉండగా బ్రేకింగ్ వస్తుంది, అప్పటిదాకా రాసిందంతా చెత్తబుట్టకి, పీసీఆర్ అనే కంట్రోల్ రూమ్‌లో ప్రొడ్యూసర్ టాక్‌బ్యాక్ మైకులో యాంకర్ చెవిలో అరుస్తుంటాడు, గ్రాఫిక్స్ అమ్మాయి పేరు స్పెల్లింగ్ అడుగుతుంటుంది, ఒకడు ‘బైట్ లేదు, బైట్ లేదు’ (ఎవరైనా మాట్లాడిన క్లిప్పుని బైట్ అంటాం) అని పరిగెడుతుంటాడు, ఇంత గోలలోనూ తెర మీద యాంకర్ మొహంలో చిన్న ముడత కూడా కనిపించదు. మొదటిసారి పీసీఆర్‌లో నిలబడి ఇదంతా చూసినప్పుడు నాకు వణుకొచ్చింది, రెండోసారి మత్తెక్కింది. ఏజెన్సీ కాపీని కింద నుంచి ఒక్కో పేరా కోసుకుంటూ వచ్చినా పైన వార్త చెక్కుచెదరకుండా నిలబడటం అక్కడే చూశాను, ఎవరు ఎప్పుడు ఎక్కడ అన్నది మొదటి రెండు వాక్యాల్లో పెట్టే అలవాటూ అక్కడే వచ్చింది. చిన్న చోట్ల అన్ని పనులూ మనమే చేసుకుంటాం కాబట్టి త్వరగా నేర్చుకుంటాం అంటారు, కొంత నిజమే, కానీ మన తప్పుని ఇంకొకరు పట్టుకుని మొహం మీద చెప్పే వ్యవస్థ మాత్రం పెద్ద చోటే ఉంటుంది. నేను రాసింది సీనియర్ సబ్ ఎడిటర్ చూసేవాడు, ఆయన చూసింది చీఫ్ చూసేవాడు, తేడాగా ఉంటే లీగల్ వాళ్లు చూసేవాళ్లు. 2023 ఏప్రిల్‌లో అమెరికా ఛానల్ ఫాక్స్ న్యూస్, డొమినియన్ అనే ఓటింగ్ యంత్రాల కంపెనీకి 78.75 కోట్ల డాలర్లు కట్టి పరువు నష్టం కేసు సెటిల్ చేసుకుందా, అప్పట్నుంచి మా లీగల్ క్లాసులో మొదటి స్లైడ్ మీద ఆ అంకె ఒక్కటే ఉండేది, వివరణ కూడా అక్కర్లేదు.

చేరిన మొదటి వారం నాకిచ్చిన పని ఏంటో చెబితే నమ్మరు. బతికున్నవాళ్ల చావు వార్తలు అప్‌డేట్ చేయడం. పెద్ద సంస్థలన్నిటిలో ఈ ఫైళ్లు సిద్ధంగా ఉంటాయి, వయసు మీద పడ్డ ప్రముఖులవి ముందు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లవి ఇంకా ముందు. కొత్త అవార్డు వస్తే ఒక లైను కలపాలి, కొత్త మనవడు పుడితే అంకె మార్చాలి. మొదట్లో పాపం అనిపించేది, పది రోజులయ్యాక ‘ఈయనది బాగా వచ్చింది’ అనుకునే స్థాయికి వెళ్లిపోయాను. మా సీనియర్లు హెచ్చరికగా పాత కథలు చెప్పేవాళ్లు. 2003 ఏప్రిల్‌లో సీఎన్‌ఎన్ వెబ్‌సైట్‌లో ఇలాంటి డ్రాఫ్టులు ఎవరైనా చూడగలిగేలా బయటపడ్డాయి, అందులో అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ పేజీని బ్రిటన్ రాజమాత పేజీ మీద తయారుచేశారట, ఆవిడ గురించిన మాటలు ఆయన పేజీలో అలాగే ఉండిపోయాయి. 2008 ఆగస్టులో బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ యాపిల్ స్టీవ్ జాబ్స్ సంతాప వార్తని పొరపాటున పంపేసింది, ఆయన ఇంకో మూడేళ్లు బతికాడు. ఇక 2020 నవంబర్‌లో ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ వెబ్‌సైట్ ఒకేసారి వందమంది దాకా చంపేసినప్పుడు (ఎలిజబెత్ రాణి, పీలే కూడా అందులో ఉన్నారు) నేను నైట్ డెస్క్‌లోనే ఉన్నాను. మా గదిలో ఎవరూ నవ్వలేదు, అందరం లేచి మా సిస్టంలో పబ్లిష్ బటన్ ఎక్కడుందో ఒకసారి చూసుకున్నాం.

జీతం గురించి అడుగుతారు కదా. తెర మీద కనిపించే నలుగురికి బాగుంటుంది, మిగతావాళ్లకి బయట అనుకునేంత ఉండదు. పండగలకి సెలవుండదు, ఎన్నికలప్పుడు అసలే ఉండదు. ఈ విషయంలో అంతకన్నా చెప్పేదేం లేదు.

చెప్పాల్సింది ‘హోల్డ్’ గురించి. బయటివాళ్లు అనుకుంటారు, యజమాని ఫోన్ చేసి ఈ వార్త ఆపండి అని గర్జిస్తాడని. తొమ్మిదేళ్లలో నేను ఒక్కసారి కూడా అలాంటిది చూడలేదు. పెద్ద కంపెనీలో ఎవరూ ‘వద్దు’ అనరు. ఒక పెద్ద ప్రకటనకర్త మీద మా రిపోర్టర్ నాలుగు నెలలు తిరిగి కాగితాలతో సహా కథ తెచ్చాడు. అందరూ మెచ్చుకున్నారు. ‘అద్భుతంగా ఉంది, లీగల్ ఒకసారి చూస్తుంది’ అన్నారు. లీగల్ చూసింది, ఇంకో పత్రం ఉంటే బాగుంటుంది అంది. ఆ పత్రం తెచ్చాడు. అవతలివాళ్ల స్పందన కోసం ఇంకో వారం ఆగుదామన్నారు. ఆ వారంలో ఇంకేదో పెద్ద వార్త వచ్చింది. రన్‌డౌన్‌లో ఆ ఐటమ్ పక్కన హోల్డ్ అని పడింది, దాని రంగు పసుపు, ఆ పసుపు రంగు ఆరు నెలలు అలాగే ఉండి ఒకరోజు సిస్టం అప్‌గ్రేడ్‌లో మాయమైంది. ఎవరిని నిందించాలో ఇప్పటికీ నాకు తెలియదు, ఎందుకంటే ప్రతి ఒక్కరూ తమ పని తాము సరిగ్గానే చేశారు. హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ మీద లైంగిక వేధింపుల ఆరోపణల గురించి ఎన్‌బీసీ ఛానల్‌లో ఉండగా మొదలుపెట్టిన పరిశోధనని జర్నలిస్టు రోనన్ ఫారో చివరికి 2017లో న్యూయార్కర్ పత్రికకి తీసుకెళ్లి వేయించుకున్నాడు. ఆ వార్త చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పసుపు రంగే. మా రిపోర్టర్ తీసుకెళ్లలేదు. అతనికి ఇంటి లోను ఉంది.

డిజిటల్‌కి మారాక పని తేలికవుతుందనుకున్నాను. టీవీలో రేటింగ్ వారానికోసారి వచ్చేది, ఆ ఒక్కరోజు టెన్షన్ పడి మిగతా ఆరు రోజులు బతికేవాళ్లం. ఇక్కడ గోడ మీద పెద్ద డాష్‌బోర్డు, నేను రాసినదాన్ని ఈ నిమిషంలో ఎంతమంది చదువుతున్నారో కళ్లెదురుగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కష్టపడి రాసినది వందలో ఆగిపోతే, నటి చెప్పుల మీద పావుగంటలో రాసింది వేలల్లో పరిగెడుతుంది, అదీ చీఫ్ పక్కన నిలబడి చూస్తుండగా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మూడో నెలకి నేనూ చెప్పుల వైపే చూడటం మొదలుపెట్టాను. హెడ్డింగులో ‘ఇది చూస్తే’ అన్న మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు.

నాకంటే ముందు అక్కడున్నవాళ్లు ఇంకో దెబ్బ తిన్నారు. 2015, 16 ప్రాంతంలో ఫేస్‌బుక్ అంతా వీడియోనే అనడంతో ప్రపంచంలో చాలా మీడియా కంపెనీలు రాసేవాళ్లని తీసేసి వీడియో మనుషులని తెచ్చుకున్నాయి, మాదీ అందులో ఒకటి. 2016 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది, వీడియోలని జనం సగటున చూసే సమయాన్ని 60 నుంచి 80 శాతం దాకా ఎక్కువ చేసి చూపించామని. అప్పటికే రాసేవాళ్లు వెళ్లిపోయారు, తర్వాత రెండేళ్లకి వీడియో వాళ్లనీ పంపేశారు. నేను చేరేసరికి ఆ స్టూడియోలో పాత కుర్చీలు పెట్టుకుంటున్నారు.

కంపెనీ ఎంత పెద్దదైతే పై వాళ్ల ప్రయోగాలు కూడా అంత పెద్దవి, అది మాత్రం చేరేముందే తెలుసుకోండి. ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్, మీడియా కంపెనీ టైమ్ వార్నర్ 2000లో కలుస్తున్నామని ప్రకటించినప్పుడు అది చరిత్రాత్మకం అన్నారు, 2009లో విడిపోయాయి. సీఎన్‌ఎన్ ప్లస్ అనే స్ట్రీమింగ్ సర్వీసుని 2022 మార్చి 29న మొదలుపెట్టి ఏప్రిల్ 28న మూసేశారు. నెల రోజులు! మధ్యలో యాజమాన్యం మారింది, కొత్తవాళ్లకి అది నచ్చలేదు, అంతే. దాని కోసం వేరే చోట ఉద్యోగాలు వదులుకుని వచ్చినవాళ్లు ఏమనుకుని ఉంటారో నాకు తెలుసు, ఎందుకంటే మాకూ ఒక విలీనం జరిగింది. సోమవారం టౌన్‌హాల్‌లో, అంటే ఉద్యోగులందరి మీటింగులో, ‘మనమంతా ఒక కుటుంబం’ అన్నారు, శుక్రవారం పొద్దున కొందరి యాక్సెస్ కార్డులు గేటు దగ్గర ఎర్రలైటు చూపించాయి. ఇరవై రెండేళ్లు పనిచేసిన మా ఎడిటింగ్ సార్, కార్డు పాడైందేమో అని మూడుసార్లు తుడిచి మళ్లీ పెట్టి చూశాడు. వెనక క్యూలో నేనున్నాను. 2011 జూలైలో ఫోన్ హ్యాకింగ్ గొడవతో బ్రిటన్‌లో 168 ఏళ్ల న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రికని మూసేసినప్పుడు దాదాపు 200 మంది ఉద్యోగాలు పోయాయి, వాళ్లలో చాలామందికి ఆ పాత హ్యాకింగ్‌తో ఏ సంబంధమూ లేదు. లోగో మంచి చేసినప్పుడు అందరికీ పంచుతుంది, చెడినప్పుడు కూడా అంతే.

ఏఐ గురించి రెండు ముక్కలు. నేను వెళ్లిపోయే ముందు ఏడాదిలోనే వచ్చేసింది. సీనెట్ అనే టెక్నాలజీ వార్తల సైట్ ఏఐతో రాయించిన 77 కథనాలని 2023 జనవరిలో తిరిగి చూసుకుంటే 41టికి సవరణలు వేయాల్సి వచ్చింది. మా వాళ్లు ఆ అనుభవం నుంచి నేర్చుకున్నదేంటంటే, ఏఐ రాసినదాన్ని తిరిగి చూసే పని ఇంకో మనిషికి అదనంగా ఇవ్వాలని. ఆ మనిషి నేను. రాయడానికి నలభై నిమిషాలు పట్టే పనిలో దిద్దడానికి గంట పట్టేది. అదే ఏడాది హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేసి ఏఐ మీద కొన్ని హద్దులు ఒప్పందంలో రాయించుకున్నారు. మాకు యూనియన్ లేదు, వాట్సాప్ గ్రూప్ ఉండేది.

ఎవరు చేరొచ్చు అంటే, కొత్తగా వచ్చేవాళ్లు కళ్లు మూసుకుని చేరండి, మూడునాలుగేళ్లు డెస్క్‌లో ఉండండి, నైట్ షిఫ్టు తప్పించుకోకండి, అసలు చదువు అక్కడే. ఉత్త నైట్ డెస్క్‌కి రేటింగ్ ఇవ్వమంటే నాలుగున్నర ఇస్తాను. పగటిపూట మీటింగులకి రెండు. ఇప్పటికే పేరున్నవాళ్లు, సొంతంగా ఏదైనా తవ్వాలనుకునేవాళ్లు చేరేముందు ఒప్పందంలో నోటీస్ పీరియడ్ ఎంత, మీ సోషల్ మీడియా ఖాతా ఎవరిది, మీరు రాసినవి బయట వాడుకునే హక్కు ఉందా అన్నవి అడగండి. రాసినవాటికి కాపీ మీ దగ్గర పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. వెబ్‌సైట్ కొత్త డిజైన్‌కి మారినప్పుడు నా మూడేళ్ల లింకులు సగం పోయాయి, మిగతావాటి మీద నా పేరు బదులు ‘డెస్క్’ అని వస్తోంది.

మానేసిన రెండో నెలలో ఒక ఫ్రీలాన్స్ కథ కోసం పాత కాంటాక్టులకి ఫోన్లు చేశాను. ముప్పై ఒక్కమందికి చేస్తే నలుగురు ఎత్తారు. ఎత్తినవాళ్లలో ఇద్దరు ‘ఇప్పుడెక్కడ చేస్తున్నావమ్మా’ అని అడిగి, ఎక్కడా లేనంటే మళ్లీ మాట్లాడతామన్నారు. ఒకావిడ మాత్రం అరగంట ఓపిగ్గా చెప్పింది, ఆ కథ ఆవిడ వల్లే పూర్తయింది. నాలుగోది నా పొరపాటు, ఇంజినీర్ గారి నంబర్ అనుకుని మళ్లీ లెక్కల మాస్టారికే నొక్కాను. రెండో రింగుకే ఎత్తారు. ‘చెప్పమ్మా, ఈసారి ఏ టాపిక్?’ అన్నారు. నేను ఉద్యోగం మానేసిన సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.